‘కొంటే ఫుల్‌ఫ్రేమే కొను’ అనే మహానుభావులకి...

పోయిన నెల్లో మా ఆఫీసు పాంట్రీలో జరిగిన సంగతి ఇది. మా టీమ్‌లో కొత్తగా చేరినతను ఒకతనున్నాడు. నెమ్మదస్తుడు. వాళ్ళ పాపకి ఏడాదిన్నర. కాఫీ మెషీన్ దగ్గర నిలబడి, ఏదో తప్పు చేస్తున్నట్టు మెల్లిగా అడిగాడు: "ఒక కెమెరా కొందామనుకుంటున్నానండీ, పాప ఫొటోలు తీసుకోడానికి. ఏ బాడీ అయితే బావుంటుంది?"

అంతే! ప్రొడక్షన్ పడిపోయినా అంత వేగంగా కదలని ముగ్గురు, చేతిలో కప్పులు పక్కన పెట్టేసి మరీ అతని మీద పడ్డారు. "కొంటే ఫుల్‌ఫ్రేమే కొను మామా, మళ్ళీ మళ్ళీ కొంటామా?" అని ఒకడు. "కనీసం 33 మెగాపిక్సెల్ ఉండాలి బ్రో, 24 అంటే పాతబడిపోయింది" అని ఇంకొకడు. "ఏపీఎస్-సీ అసలు కెమెరానే కాదు, రెండేళ్ళలో నువ్వే అమ్మేస్తావ్" అని మూడోవాడు. పది నిమిషాల్లో అతని చేత మూడు లక్షల లిస్టు రాయించారు. పాపం అతను ఫోన్లో ఆ మొత్తానికి ఈఎమ్ఐ ఎంతవుతుందో చూసుకుంటున్నాడు.

ఒక్కడంటే ఒక్కడు కూడా అతన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంట్లో తీస్తావా, బయట తీస్తావా? పగలా, రాత్రా? తీసిన ఫొటో ఎక్కడ చూసుకుంటావు? పాపని ఒక చేత్తో ఎత్తుకుంటే రెండో చేత్తో ఎంత బరువు మోయగలవు? ఊహూ. ప్రశ్నల్లేవు, జవాబు మాత్రం రెడీగా ఉంది.

ఇదే మనుషులు మీటింగులో ఎలా ఉంటారో తెలుసు కదా! క్లయింటు "నాకో అప్లికేషన్ కావాలి" అంటే చాలు: ఎంతమంది వాడతారు, ఏ టైములో వాడతారు, డేటా ఎంత, పడిపోతే నష్టమెంత అని నలభై ప్రశ్నలు. పదిమంది వాడే లీవ్ అప్లికేషన్‌కి వంద సర్వర్లు పెడతానని ఎవడైనా అంటే వాణ్ణి డిజైన్ రివ్యూలోనే ఉతికేస్తాం. కానీ సొంత డబ్బుతో కెమెరా కొనేటప్పుడు మాత్రం రిక్వైర్‌మెంట్లూ లేవు, రివ్యూ లేదు. ఏకంగా ఆర్కిటెక్చరే!

వీళ్ళని తిట్టే హక్కు నీకెక్కడిదోయ్ అంటారా? ఉంది. ఎందుకంటే నేనూ ఆ బాపతే. 2021 డిసెంబర్లో, రెండో ఉద్యోగం హైకు చేతికి రాగానే, ఇలాంటి పాంట్రీ పండితుల మాట విని, 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఒకటి, దానికి 24-70 ఎఫ్ 2.8 లెన్స్ ఒకటి కొన్నాను. రెండూ కలిపి కిలోన్నర. ఏడాది పాటు ఈఎమ్ఐ. అప్పటికి నేను జీవితంలో తీసిన ఫొటోలన్నీ ఫోన్‌తో తీసినవే. దాంతో ఏం పీకానో ముందుముందు చెప్తాను. ముందు వీళ్ళు చెప్పే అబద్ధాల సంగతి చూద్దాం. లెక్కలతోనే మాట్లాడదాం, ఎంసెట్ రాసొచ్చిన వాళ్ళమే కదా అందరం.

మొదటి అబద్ధం: మెగాపిక్సెళ్ళు ఎక్కువుంటే ఫొటో బావుంటుంది.

24 మెగాపిక్సెళ్ళంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. మీ హాల్లో 4కె టీవీ ఉందనుకోండి. దాంట్లో ఉన్నవే 3840 × 2160, అంటే 83 లక్షల చుక్కలు. పాతబడిపోయిందంటున్న ఆ 24లో మీ టీవీ చూపించగలిగేది మూడో వంతు. ఇక వాట్సాప్‌లో అత్తగారికి పంపిన ఫొటో సంగతంటారా, అది దార్లోనే చిక్కి సగమైపోతుంది. సరే, ప్రింటు వేయిస్తాం అంటారు. మన పెళ్ళి ఆల్బమ్‌లో పేజీ మామూలుగా 12 × 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా 5400 × 3600, అంటే కోటీ 94 లక్షలు. పెళ్ళి ఆల్బమ్ నిండు పేజీకి కూడా 24 సరిపోయి ఇంకా మిగుల్తుంది.

ఇంకో చిన్న సంగతి. మెగాపిక్సెళ్ళు విస్తీర్ణం లెక్క, పొడుగు లెక్క కాదు. నికాన్ డీ850 అని 2017లో వచ్చింది, 45.7 మెగాపిక్సెళ్ళు. 24తో పోలిస్తే దాదాపు రెట్టింపు కదా? కానీ అడ్డంగా చూస్తే 8256 చుక్కలు, అంటే 6000 మీద 38 శాతమే ఎక్కువ. ఆ 38 శాతం కోసం ప్రతి రా ఫైలూ దాదాపు రెట్టింపవుతుంది, హార్డ్‌డిస్క్ నిండుతుంది, ఎడిట్ చేస్తుంటే లాప్‌టాప్ ఫ్యాను హెలికాప్టర్‌లా తిరుగుతుంది. హోర్డింగులకీ, నగల కేటలాగులకీ, ఫొటోలో పదో వంతు ముక్క కోసి వాడుకునే వాళ్ళకీ అది అవసరం. ఏడాదిన్నర పాపకి కాదు.

రెండో అబద్ధం: వెలుగు తక్కువైతే ఫుల్‌ఫ్రేమ్ తప్ప వేరే దారి లేదు.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మి.మీ., అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ సుమారు 23.5 × 15.6, అంటే 366 చిల్లర (కెనాన్‌ది ఇంకొంచెం చిన్నది). మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13, అంటే 225. కాబట్టి ఒకే ఎపర్చర్ దగ్గర ఫుల్‌ఫ్రేమ్‌లో ఏపీఎస్-సీ కంటే 2.4 రెట్లు వెలుగు పోగవుతుంది. ఫొటోగ్రాఫర్ల భాషలో ఒకటింబావు స్టాపు. ఇంతవరకు ఒప్పుకుంటాను.

కానీ వెలుగు సెన్సర్ దాకా రావాలంటే లెన్సు దాటి రావాలి కదా? అసలు బాటిల్‌నెక్ అక్కడుంది. మామూలుగా కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గరికి వస్తుంది. ఎఫ్ 1.8 లెన్సు దానికన్నా దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. ఇప్పుడు రెండు సెట్లు పక్కపక్కన పెట్టండి. డబ్బంతా బాడీకే పోసేసి, మిగిలిన దాంతో ఎఫ్ 4 జూమ్ కొన్న ఫుల్‌ఫ్రేమ్ ఒకవైపు. 35 మి.మీ. ఎఫ్ 1.8 పెట్టిన ఏపీఎస్-సీ ఇంకోవైపు. సెన్సర్ విస్తీర్ణాన్ని ఎఫ్ నంబరు వర్గంతో భాగించండి. 864 బై 16, అంటే 54. 366 బై 3.24, అంటే 113. చిన్న కెమెరాకే రెట్టింపు వెలుగు! నమ్మకపోతే కాలిక్యులేటర్ తీయండి.

మా హాల్లో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ కింద నేనే చూశాను. పరిగెత్తే పిల్లల్ని చెదరకుండా పట్టాలంటే షట్టర్ స్పీడ్ కనీసం సెకనులో 250వ వంతు ఉండాలి. ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్ఓ 2500కి పని జరిగిపోయింది. అదే ఎఫ్ 5.6 అయితే 24,000 అడుగుతుంది. ఆ అంకె దగ్గర ఏ సెన్సరైనా సరే పిల్ల బుగ్గ మీద ఇసక జల్లినట్టే ఉంటుంది. కాకపోతే ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ పలచగా ఉంటుంది, కన్ను పడితే చెవి మసకబారుతుంది. దానికి ఓర్చుకోవాలి.

ఇంకోటి. "ఈ బాడీలో స్టెబిలైజేషన్ ఉంది, చీకట్లో అదరగొడుతుంది" అంటాడు షాపువాడు. అది మీ చెయ్యి వణుకుని ఆపుతుందే గానీ మీ పాప పరుగుని ఆపదండీ. గుళ్ళో శిల్పాలు తీసేవాళ్ళకి అది వరం. రామప్ప మంటపంలో స్తంభాలు ఎక్కడికీ పారిపోవు మరి.

మూడో అబద్ధం: ఫుల్‌ఫ్రేమ్ కొంటే అన్నిటికీ పనికొస్తుంది.

2022 చలికాలంలో నా సదరు కిలోన్నర పెట్టుకుని కొల్లేరు వెళ్ళాను. ఆటపాక దగ్గర పెలికాన్లు గుంపులు గుంపులుగా ఉన్నాయి. నా 70 మి.మీ.లో చూస్తే... పెలికాన్ కాదు, నీళ్ళలో తెల్ల చుక్క. పక్కన కైకలూరు కుర్రాడొకడు పాత ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్‌కి పొడుగాటి జూమ్ లెన్సు తగిలించుకుని, పక్షి ముక్కు కింద సంచీలో చేప తోక కనపడేలా తీస్తున్నాడు. నా కెమెరా వంక చూసి "అన్నా, ఫుల్‌ఫ్రేమా!" అని ముచ్చటపడ్డాడు కూడా. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది, సరైన లెన్సున్నా అతనే గెలిచేవాడని. ఒకే దూరంలో ఉన్న పక్షిని ఒకే 300 మి.మీ. లెన్సుతో తీస్తే, సెన్సర్ మీద పడే పక్షి బొమ్మ సైజు రెండు కెమెరాల్లోనూ ఒకటే. తేడా అల్లా ఆ బొమ్మ కింద ఎన్ని పిక్సెళ్ళున్నాయన్నదే. 24 మెగాపిక్సెళ్ళని చిన్న సెన్సర్లో కుక్కితే పక్షి మీద రెండుంబావు రెట్లు ఎక్కువ పిక్సెళ్ళు పడతాయి. నా ఫుల్‌ఫ్రేమ్ ఫొటోని అతని ఫ్రేమంత కోస్తే నాకు మిగిలేది 10.7 మెగాపిక్సెళ్ళు. అందుకే 2016లో వచ్చిన నికాన్ డీ500, 2022లో వచ్చిన కెనాన్ ఆర్7 లాంటివి ఏపీఎస్-సీ అయ్యుండి కూడా పక్షుల వాళ్ళ మెడల్లో వేలాడుతుంటాయి. సెకనుకి పది, పదిహేను ఫొటోలు, చురుకైన ఫోకస్. వాళ్ళకి కావాల్సింది అది. సోనీ ఏపీఎస్-సీ 70-350 లెన్సు 625 గ్రాములు. అదే సోనీ ఫుల్‌ఫ్రేమ్‌కి 200-600 కొంటే కాలు పీకేసినా రెండు కిలోల పైనే. వెలుగు ఎక్కువ పట్టేది రెండోదే, కాదనను. కానీ ఆదివారం పొద్దున్నే ఐదింటికి లేచి అమీన్‌పూర్ చెరువు గట్టు మీద దాన్ని మోసుకు తిరిగేదెవరు?

నాలుగో అబద్ధం: ఇది ఫ్యూచర్ ప్రూఫ్.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మనం రోజూ రాసే కోడే రెండేళ్ళు నిలబడదు, కెమెరా బాడీ నిలబడుతుందా? బాడీ అంటే సెన్సరూ ప్రాసెసరూ ఉన్న కంప్యూటరే, కొత్తది రాగానే ధర జారిపోతుంది. లెన్సు నెమ్మదిగా జారుతుంది. అంటే తెలివైనవాడు డబ్బు లెన్సు మీద పెట్టాలి, బాడీ దగ్గర పొదుపు చెయ్యాలి. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి చేస్తారు: రెండు లక్షల బాడీకి చవక లెన్సు. పట్టుపంచె కట్టుకుని ప్లాస్టిక్ చెప్పులేసుకున్నట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే చిన్న కెమెరాలకి ప్రచారం చేస్తున్నాననుకుంటారు. బాడీ కొనడమంటే ఒక మౌంటుతో సంబంధం కలుపుకోవడం. పెళ్ళికూతురొక్కతే కాదు, ఆ ఇంటి చుట్టాలందర్నీ చూసుకోవాలి. కెనాన్ 2012లో ఈఎఫ్-ఎమ్ అని చిన్న మిర్రర్‌లెస్ మౌంటు మొదలెట్టింది, 2023లో ముగించింది. ఆ లెన్సులు కొత్త ఆర్ఎఫ్ బాడీలకి తగలవు. నమ్ముకున్నవాళ్ళు మిగిలిపోయారు. ఒలింపస్ అయితే కెమెరా వ్యాపారాన్నే వదిలించుకుంది, 2021 నుంచి ఓఎమ్ డిజిటల్ సొల్యూషన్స్ అనే వేరే కంపెనీ నడుపుతోంది. కాబట్టి బాడీ చూసేముందు నాకు కావలసిన రెండు లెన్సులు ఈ మౌంటుకి ఉన్నాయా, కొత్తవే కాక సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతాయా అన్నది చూసుకోండి. భవిష్యత్తు గురించి మనం చేయగలిగింది అంతవరకే.

సరే, ఇక నా ఫుల్‌ఫ్రేమ్ కథ.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పండక్కి వెళ్ళాలంటే సంక్రాంతి రద్దీలో బస్సులో నుంచునైనా వెళ్ళాలి. 2024 సంక్రాంతికి బయల్దేరుతూ కెమెరా బ్యాగు ఎత్తి చూశాను. లాప్‌టాప్ ఎలాగూ మొయ్యాలి, ఆన్‌కాల్ ఉంది. బస్సులో ఎవరి కాలికిందో పడితే? రెండు లక్షలు! మళ్ళీ అల్మరాలో పెట్టేశాను. అంతకుముందు సంక్రాంతికీ అంతే. దసరాకి ఒకసారి తీసుకెళ్ళాను, కానీ బయటకి తీస్తే పిల్లలు పట్టుకు లాగుతారని బ్యాగులోనే ఉంచాను. నేను కెమెరాని కాపాడుతూ వచ్చానే గానీ వాడలేదు.

ఆ పండక్కి నాయనమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పొద్దున్న ఎనిమిదింటి ఎండ, పక్కనుంచి పడుతోంది. ముఖం మీద గీతలన్నీ కనిపిస్తున్నాయి. నన్ను చూసి "ఏరా, అంత పెట్టి కెమెరా కొన్నావంట, మీ నాన్న చెప్పాడు. నా ఫొటో ఒకటి తియ్యరాదూ?" అంది. "ఈసారి తెస్తా నాయనమ్మా, మంచిగా తీస్తా" అన్నాను. ఫోన్ జేబులోనే ఉంది. కానీ ఫుల్‌ఫ్రేమ్ ఓనర్ని కదా, ఫోన్‌తో తీయడం నామోషీ!

ఆ ఏడాది శ్రావణమాసంలో నాయనమ్మ పోయింది. పెద్దకర్మకి ఫొటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే దొరికింది మా బాబాయి కూతురి పెళ్ళి ఆల్బమ్‌లో గ్రూపు ఫొటో. వెనక వరసలో ఎవరి భుజమో సగం అడ్డం. స్టూడియో అతను దాన్ని కోసి, భుజం చెరిపి, వెనకాల నీలం రంగు వేసి ఫ్రేము కట్టిచ్చాడు. ఆ ఫొటోలో ఉన్నది మా నాయనమ్మలా లేదు. ఇప్పటికీ మా ఇంట్లో గోడ మీద ఉన్నది అదే. నాన్న రోజూ దానికే దణ్ణం పెడతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

తప్పు కెమెరాది కాదు, నాది. ఒప్పుకుంటాను. కానీ నా చేతికి సరిపడని వస్తువుని, నా భయానికి మించిన ధరతో, "ఇదే సరైనది" అని అంటగట్టిన సలహాది కూడా అని ఎప్పటికీ అంటాను. ఆ పొద్దున్న ఎండలో ఏ కెమెరా అయినా సరిపోయేది. 2014 నాటి సోనీ ఏ6000 ఉంది, 24 మెగాపిక్సెళ్ళు, బాడీ 344 గ్రాములు. అలాంటిది లాప్‌టాప్ బ్యాగులో ఓ మూల పడుండేది. ఫుల్‌ఫ్రేమ్ అధిక వెలుగు, అధిక రేంజు అన్నీ నిజమే. అల్మరాలో ఉన్నప్పుడు వాటి విలువ సున్నా.

"అయితే ఫుల్‌ఫ్రేమ్ ఎవరూ కొనకూడదా?" అంటారా? కొనాలి, అవసరమున్నవాళ్ళు తప్పకుండా కొనాలి. శని ఆదివారాల్లో పెళ్ళిళ్ళు తీసే స్నేహితుడొకడున్నాడు నాకు. తెల్లవారుజాము ముహూర్తాలు, కల్యాణమంటపంలో రంగురంగుల లైట్లు, జూమ్ మార్చుకునే టైముండదు. వాడికి ఫుల్‌ఫ్రేము, ఎఫ్ 2.8 జూములు కూడుపెట్టే పనిముట్లు. వాడికి ముఖ్యమైనది ఇంకోటుంది: రెండు కార్డు స్లాట్లు. తాళి కట్టేది ఒక్కసారే, కార్డు చెడితే మళ్ళీ కట్టించలేడు. (పైన చెప్పిన ఆర్7 లాంటి కొన్ని ఏపీఎస్-సీ బాడీల్లో కూడా రెండు స్లాట్లుంటాయి, అది వేరే సంగతి.) కూచిపూడి ప్రదర్శనలు తీసేవాళ్ళకి, నక్షత్రాలు తీసేవాళ్ళకి, గోడంత ప్రింట్లు వేసేవాళ్ళకి కూడా అవసరమే. వాళ్ళు అవసరం ముందు తెలుసుకుని బాడీ తర్వాత కొన్నారు. అంతే తేడా.

వీడియో పిచ్చి ఉన్నవాళ్ళకీ ఒక మాట. బ్రోచర్లో ఉన్న 8కె చూసి మురిసిపోకండి. 2020లో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు, 23 డిగ్రీల దగ్గర 8కె వీడియో ఏకబిగిన సుమారు 20 నిమిషాలు అని ఆ కంపెనీనే చెప్పింది. 23 డిగ్రీలట! మే నెలలో రెంటచింతల తీసుకెళ్ళండి, తెలుస్తుంది :)

ఇటు చివర ఇంకో జాతి ఉంది. "ఈ రోజుల్లో కెమెరా ఎందుకండీ, ఫోన్ చాలు" అనేవాళ్ళు. వీళ్ళతో నాకు పేచీ తక్కువే, ఎందుకంటే కనీసం ఫొటోలు తీస్తారు. పగటి వెలుగు, కదలని మనుషులు, చిన్న తెరమీద చూడ్డం – ఇవే మీ అవసరాలైతే నిజంగానే చాలు, డబ్బు మిగుల్చుకోండి. కానీ ఖరీదైన ఫోన్లలో "ఒక అంగుళం సెన్సర్" అని ఊదరగొట్టేది కూడా 13.2 × 8.8 మి.మీ. మాత్రమే, 116 చదరపు మిల్లీమీటర్లు. అంగుళం అనేది పేరులోనే ఉంది, కొలతలో లేదు. తక్కువ వెలుగులో ఫోన్ అనేక ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. ఆ కలిపేలోగా పిల్ల సోఫా దిగి వంటింట్లోకి పోతుంది. అక్కడ కెమెరా కావాలి.

మరి బాడీ ఎలా ఎంచుకోవాలి? నేను చేసే పద్ధతి చెప్తాను, పైసా ఖర్చు లేదు. మీ ఫోన్ గ్యాలరీ తెరవండి. స్క్రీన్‌షాట్లు, కరెంటు బిల్లులు, వైట్‌బోర్డు ఫొటోలు తీసేసి, చివరి రెండొందల ఫొటోలు లెక్కపెట్టండి. ఒక కాయితం మీద నాలుగు గడులు గీసుకోండి. ఎవరిని, దేన్ని తీశారు? కదులుతున్నదా, కదలనిదా? పగలా, ట్యూబ్‌లైటా? దగ్గరిదా, దూరందా? దాని కింద, తీయాలనుకుని తీయలేకపోయినవి, ఫోన్ పాడుచేసినవి రాయండి. అదే మీ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్. కలలో తీసే నక్షత్రాలూ, హిమాలయాలూ కాదు, మీరు నిజంగా తీసేవి. తర్వాత లెన్సు తేల్చండి. దాన్ని పట్టుకునే మౌంటు, ఆ మౌంటులో మీరు రోజూ మోయగలిగే, పోతుందని భయపడకుండా వాడగలిగే బాడీ. బాడీ వచ్చేది ఆఖర్న.

ఆ కొత్తతనితో ఇదే చేశాను. పాంట్రీలో మళ్ళీ కూర్చుని అరగంట లెక్కపెట్టాం. రెండొందల్లో నూట అరవై పైచిలుకు ఇంట్లోవే, అందులో ఎక్కువ రాత్రి ఎనిమిది దాటాక, ఆయన ఆఫీసు నుంచి వెళ్ళాక తీసినవి. దాదాపు అన్నింట్లోనూ పాప చెయ్యో కాలో చెదిరిపోయి ఉంది. దూరానివి నాలుగు. ప్రింట్లంటే తాతగార్లకి పంపే చిన్నవి. ఇంకేం కావాలి? తేలిపోయింది: కన్నుని పట్టే ఫోకస్ ఉన్న 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ బాడీ, నేలమీద కూర్చున్న పాప ఎత్తుకి దించి తీయడానికి మడత తెర, 35 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు. బాడీ సెకండ్ హ్యాండ్. ఒక చిట్కా కూడా చెప్పాను: పాప నిద్రపోతుంటే సైలెంట్ షట్టర్ వాడొచ్చు గానీ, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. స్పీడు ఎక్కువ పెడితే ఫొటో మీద చారలు పడతాయి, సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టుకోవాలి అని. మొత్తం ఖర్చు ఆ ముగ్గురు రాయించిన లిస్టులో మూడో వంతు కాలేదు.

ఆ ముగ్గురూ ఇప్పటికీ తల అడ్డంగా ఊపుతున్నారు. "రెండేళ్ళలో అమ్మేస్తాడు చూడు" అంటున్నారు. అమ్మనివ్వండి. ఈ రెండేళ్ళ ఫొటోలు అతని దగ్గరుంటాయి కదా. మొన్న చూపించాడు, పాప వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఆవిడ కళ్ళజోడు లాగుతోంది. ట్యూబ్‌లైట్ వెలుగే. కాస్త నాయిస్ ఉంది. పాప కన్ను పడింది, అమ్మమ్మ నవ్వూ పడింది.

నేను నా కిలోన్నరని 2025లో నష్టానికి అమ్మేశాను. ఇప్పుడు నా లాప్‌టాప్ బ్యాగులో చిన్న బాడీ, ఒక్క లెన్సు ఉంటాయి. అమ్మ, నాన్నల ఫొటోలు విసుగుపుట్టేంత తీస్తున్నాను. "చాల్లేరా, ఎన్ని తీస్తావ్" అని నాన్న కసురుకుంటాడు. కసురుకోనీ.

కాబట్టి మహానుభావులారా, ఈసారి ఎవరైనా కాఫీ మెషీన్ దగ్గర "ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగితే, నోట్లోకి ఫుల్‌ఫ్రేమ్ అన్న మాట రాకముందే ఒక్కటడగండి: "ఎవరి ఫొటో తీస్తావు?" అని. జవాబు చెప్పేదాకా ఆగండి. నన్ను తిట్టాలనుకునేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టొచ్చు. కాకపోతే ముందు మీ గ్యాలరీలో ఆ రెండొందలూ లెక్కపెట్టి రండి.